మా ఒంటికి తగిలిన రేడియేషన్ లెక్క మా చేతికివ్వండి

విజయవాడ, గుంటూరు నగరాల ఆస్పత్రుల, స్కానింగ్ సెంటర్ల యాజమాన్యాలకూ, డాక్టర్లకూ బహిరంగ లేఖ

గౌరవనీయులైన డాక్టర్లకు, యాజమాన్యాలకు నమస్కారం.

నేను ఎక్స్‌రే టెక్నీషియన్ని. డీఎంఐటీ (మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా) చదివి, గుంటూరు కొత్తపేటలో ఉద్యోగం మొదలుపెట్టి, తర్వాత కృష్ణ దాటి విజయవాడ సూర్యారావుపేటకు వచ్చాను. ఎక్స్‌రే గదిలో, సీటీలో, క్యాత్ ల్యాబులో (గుండె రక్తనాళాల్ని ఎక్స్‌రేతో చూస్తూ చికిత్స చేసే గది), ఆపరేషన్ థియేటర్లో సి-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే బొమ్మ చూపించే మెషీను) పక్కన, అన్నిచోట్లా పనిచేశాను. రెండు ఊళ్ళలోనూ ఇదే పని చేసుకుని బతికే తోటివాళ్ళతో కూర్చుని మాట్లాడుకున్నాక, వాళ్ళందరి తరపునా ఈ లేఖ రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. ఒక ఆస్పత్రి వద్దనుకున్న టెక్నీషియన్ని పక్కవీధి ఆస్పత్రి తీసుకోదని మాకూ తెలుసు, మీకూ తెలుసు.

ఖమ్మం నుంచి, మాచర్ల నుంచి, దివిసీమ నుంచి అంబులెన్సుల్లో వచ్చినవాళ్ళను మీరు ఎలా బతికించి పంపుతారో దగ్గరుండి చూసేవాళ్ళం. ఆ గౌరవం మాకెప్పుడూ ఉంది. అందుకే చాలాకాలం నోటిమాటగానే అడిగాం. ఆ తర్వాత కాగితం మీద రాసిచ్చాం. నేను ఇంతకుముందు పనిచేసిన ఒక ఆస్పత్రిలో, మా టీఎల్‌డీ (ఒంటికి తగిలిన రేడియేషన్ కొలిచే బ్యాడ్జి) రిపోర్టులు చూపించమని అందరం సంతకాలు పెట్టి అడిగితే మొదట “ఫైలు పెద్ద సార్ దగ్గరుంది” అన్నారు. తర్వాత “ఆ అంకెలు చూస్తే లేనిపోని భయం పెట్టుకుంటారు” అన్నారు. మళ్ళీ అడిగితే “మీ వెనక ఎవరున్నారు?” అన్నారు. పై కార్యాలయం ఒకదానికి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాం. ముద్ర వేసి రసీదు ఇచ్చారు. ఇంతవరకూ ఒక్క ముక్క జవాబు రాలేదు.

ఈ లేఖ అందుకే నలుగురి ముందుకూ తెస్తున్నాం. మేం అడుగుతున్నది ఒకే ఒక్క వస్తువు: మా ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో చెప్పే కాగితం. అది దక్కకపోతే మాకేమవుతోందో, రోగులకేమవుతోందో కింద వరసగా రాస్తున్నాను.

1. బ్యాడ్జి ఒంటి మీద ఉండాలి

టీఎల్‌డీ బ్యాడ్జి సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇది చదివే మామూలు జనం కోసం చెబుతున్నాను. అదొక చిన్న ప్లాస్టిక్ డబ్బా. లోపల అల్యూమినియం పలక, దానికి బిగించిన మూడు బిళ్ళలు. డిస్ప్రోసియం చేర్చిన కాల్షియం సల్ఫేటుని టెఫ్లాన్‌లో కలిపి చేసిన బిళ్ళలవి. రేడియేషన్ తగిలినప్పుడు ఆ శక్తిలో కొంత బిళ్ళలోనే చిక్కుకుని ఉండిపోతుంది. మూడు నెలలకోసారి బ్యాడ్జీలు ల్యాబుకి వెళ్తే అక్కడ ఆ బిళ్ళల్ని వేడి చేస్తారు. చిక్కుకున్న శక్తి వెలుతురుగా బయటికొస్తుంది. ఆ వెలుతురుని కొలిచి, మనిషికి తగిలిన మోతాదు లెక్కగడతారు. ఒక బిళ్ళ ముందు లోహపు ఫిల్టరు, ఇంకోదాని ముందు ప్లాస్టిక్ ఫిల్టరు ఉంటాయి, మూడోదానికి ఏ అడ్డూ ఉండదు. తగిలింది ఏ రకం రేడియేషనో ఆ తేడాని బట్టి తెలుస్తుంది. కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసే మనిషి ఛాతీ మీద ఉండేదీ ఇలాంటి బ్యాడ్జే, సూర్యారావుపేటలో మా ఛాతీ మీద ఉండాల్సిందీ ఇలాంటి బ్యాడ్జే.

మరి మన దగ్గర ఎక్కడుంటోంది? కొన్నిచోట్ల మేనేజరు గారి సొరుగులో ఉంటుంది. ఆస్పత్రుల నాణ్యతకు గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీహెచ్ వాళ్ళు వస్తున్నారన్న రోజు పొద్దున బయటికొస్తుంది, సాయంత్రానికి మళ్ళీ సొరుగులోకి వెళ్తుంది. కొన్నిచోట్ల ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినవాడి పేరున్న బ్యాడ్జిని కొత్తగా చేరినవాడికి తగిలిస్తారు. అప్పుడు ఆ రీడింగు ఇద్దరిలో ఎవరిదీ కాకుండా పోతుంది. కొన్నిచోట్ల లెడ్ ఏప్రాన్‌కి గుచ్చేసి, రాత్రింబవళ్ళు ఎక్స్‌రే గదిలోనే వదిలేస్తారు.

ఇంకో సంగతి బయటివాళ్ళకు అస్సలు తెలియదు. బ్యాడ్జీలతోపాటు ల్యాబువాళ్ళు ఒక కంట్రోల్ బ్యాడ్జి కూడా పంపుతారు. దాన్ని రేడియేషన్‌కి దూరంగా, ఆఫీసు గదిలోనో రిసెప్షన్‌లోనో ఉంచాలి. గాలిలో, నేలలో సహజంగా ఉండే రేడియేషన్ ఎంతో అది చెబుతుంది. దాని రీడింగుని మా అందరి రీడింగుల్లోంచి తీసేసి మిగిలినదే మా మోతాదుగా రాస్తారు. ఆ కంట్రోల్ బ్యాడ్జిని మిగతావాటితో కలిపి ఎక్స్‌రే గదిలో మేకుకి తగిలించిన ఆస్పత్రులు మేం చూశాం. అక్కడ దానికీ రేడియేషన్ తగులుతుంది. అదంతా మా లెక్కలోంచి కొట్టేస్తారు. ఒంటికి తగిలింది తగిలినట్టే ఉంటుంది, రిపోర్టులో మాత్రం సున్నా కనిపిస్తుంది. ఎవరో కావాలని చేశారని నేననడం లేదు. ఎవరికీ నేర్పలేదు, ఎవరూ అడగలేదు.

2. అణు విద్యుత్ కేంద్రంలో ఉన్న కాపుదల ఆస్పత్రిలో ఎందుకు లేదు?

అణు విద్యుత్ కేంద్రం అంటే మన జనానికి భయం. ఎక్స్‌రే గది అంటే ఏ భయమూ లేదు. లోపల పనిచేసేవాడికి దొరికే కాపుదల మాత్రం తారుమారుగా ఉంది.

రియాక్టరు దగ్గరికి పనికి వెళ్ళే మనిషికి టీఎల్‌డీతోపాటు అప్పటికప్పుడు అంకె చూపించే డోసీమీటరు కూడా ఇస్తారు. ఆ గదుల్లో గామా మానిటర్లు ఉంటాయి, హద్దు దాటితే మోగుతాయి. బయటికొచ్చేటప్పుడు చేతులూ కాళ్ళూ మానిటర్‌లో పెట్టి చూసుకోవాలి, పోర్టల్ మానిటర్ దాటాలి. ఒంట్లోకి ఏమైనా చేరిందేమోనని హోల్ బాడీ కౌంటింగ్ చేస్తారు. భారజల రియాక్టర్లలో పనిచేసేవాళ్ళకు ట్రిషియం (రేడియేషన్ వెదజల్లే ఒక రకం హైడ్రోజన్) కోసం మూత్ర పరీక్షలు జరుగుతాయి. కేంద్రం నడవడం మొదలుకాకముందే దగ్గర్లో పర్యావరణ సర్వే ల్యాబు పెట్టి చుట్టుపక్కల ఊళ్ళ నీళ్ళు, పాలు, చేపలు పరీక్షిస్తారు. ఇలాంటి పరికరాలు తయారుచేసే ఈసీఐఎల్ హైదరాబాదులోనే ఉంది. 1967లో మొదలైన ఆ సంస్థను నిలబెట్టిన ఎ.ఎస్. రావు గారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినవారు. రేడియేషన్ కొలిచే పని మన తెలుగువాళ్ళకు కొత్తదేం కాదు.

ఇన్ని కొలతలు ఎందుకో చెప్పే సంఘటనలు ఉన్నాయి. 2009 నవంబరులో కర్ణాటకలోని కైగా కేంద్రంలో తాగునీటి కూలర్లో ట్రిషియం కలిసింది. ట్రిషియం కలిసిన నీళ్ళకు వేరే రంగు, రుచి, వాసన ఉండవు. యాభైమందికి పైగా ఉద్యోగుల ఒంట్లోకి అది చేరిందని మామూలుగా చేసే మూత్ర పరీక్షల్లోనే తెలిసింది. ఆ పరీక్ష లేకపోతే ఆ నీళ్ళు ఇంకెన్నాళ్ళు తాగేవారో. 1986 ఏప్రిల్లో చెర్నోబిల్ రియాక్టరు పేలి రెండు రోజులైనా సోవియట్ ప్రభుత్వం నోరు విప్పలేదు. స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక ఉద్యోగి బూట్లకు అంటిన ధూళికి అక్కడి మానిటర్ మోగింది. బయటి ప్రపంచానికి ఏదో జరిగిందని అనుమానం వచ్చింది అక్కడే.

జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం సంగతి మాకు ఇంకా దగ్గరిది. 2011 మార్చిలో సునామీకి డోసీమీటర్లు చాలావరకు పాడైపోయి, కొన్నాళ్ళు జట్టుకి ఒకటి చొప్పున పెట్టుకుని పనిచేశారు. ఆ తర్వాత ఒక సబ్ కాంట్రాక్టు సంస్థ డోసీమీటర్లకు సీసం పలకలు కప్పుకోమని కార్మికులకు చెప్పిందని 2012లో బయటపడింది. రీడింగు తక్కువ పడితే ఎక్కువ రోజులు పని చేయించుకోవచ్చని ఆ పని చేశారు. జపాన్ ప్రభుత్వం దాని మీద విచారణ జరిపింది.

డాక్టరు గారూ, డోసీమీటరుకి సీసం పలక కప్పడానికీ, బ్యాడ్జిని సొరుగులో పెట్టి తాళం వేయడానికీ ఫలితంలో తేడా ఏముంది?

3. చట్టం మాకిచ్చిన కాగితం

అణుశక్తి (రేడియేషన్ రక్షణ) నియమాలు 2004లో వచ్చాయి. అణు విద్యుత్ కేంద్రానికీ, గుంటూరు బ్రాడీపేటలో ఒక గదిలో నడిచే ఎక్స్‌రే సెంటరుకీ అవే నియమాలు. వాటి ప్రకారం రేడియేషన్ పనిచేసే ప్రతి మనిషికీ అతని మోతాదు వివరాలు యజమాని ఏటా ఇవ్వాలి, అడిగినప్పుడు ఇవ్వాలి, ఉద్యోగం మానేసేటప్పుడు ఇవ్వాలి. కొత్తగా చేర్చుకునేటప్పుడు పాత యజమాని దగ్గర్నుంచి ఆ వివరాలు తెప్పించుకోవాలి. చేరేటప్పుడు ఆరోగ్య పరీక్ష చేయించాలి, ఎక్కువ మోతాదు తగిలే అవకాశం ఉన్నవాళ్ళకు ఆ తర్వాత కనీసం మూడేళ్ళకోసారి చేయించాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళను ఈ పనిలో పెట్టకూడదు.

మేం మాట్లాడుకున్నవాళ్ళలో ఉద్యోగం మానేసేటప్పుడు డోసు కాగితం అందుకున్నవాళ్ళు ఎవరూ కనబడలేదు. కొత్తగా చేరినప్పుడు పాత కాగితం అడిగిన యాజమాన్యమూ కనబడలేదు. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) దగ్గర దేశంలోని రేడియేషన్ పనివాళ్ళ మోతాదుల రిజిస్టరు ఉంది. మనిషికి ఒక నంబరు ఇస్తారు, ఆస్పత్రి మారినా ఆ నంబరు వెంట రావాలి. ఆ సంగతి తెలియక, అడిగేవాళ్ళు లేక, ఆస్పత్రి మారినప్పుడల్లా కొత్త నంబరు పడుతోంది. గుంటూరులో తగిలింది గుంటూరులో ఆగిపోతుంది, విజయవాడలో మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. లెక్క ముక్కలవుతుంది, ఒళ్ళు మాత్రం ఒక్కటే. రేపు జబ్బు చేసి నష్టపరిహారం కోసం కోర్టుకెక్కినా చూపించడానికి ఏమీ ఉండదు.

మన ఇంటి కరెంటు మీటరు రీడింగు మనకు తప్ప అందరికీ చెబితే ఎలా ఉంటుందో, మా బ్యాడ్జి సంగతి అలా ఉంది. ల్యాబుకి తెలుసు, యజమానికి తెలుసు, బార్క్‌కి తెలుసు. మోసినవాడికి తెలియదు.

“అంకె చూస్తే భయపడతారు” అన్న మాట గురించి కూడా చెప్పాలి. మా హద్దు ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలిన రేడియేషన్‌ని లెక్కగట్టే కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. నియమాల ప్రకారం కట్టిన గదిలో, లెడ్ గ్లాసు వెనక నిలబడి పనిచేసే టెక్నీషియన్ రీడింగు ఆ హద్దులో చాలా చిన్న భాగమే ఉంటుంది. ఆ సంగతి కాగితం మీద కనబడితే భయం పోతుంది. మాలో జుట్టు ఊడినా, పెళ్ళయి నాలుగేళ్ళైనా పిల్లలు పుట్టకపోయినా, కడుపు నిలవకపోయినా “ఆ ఎక్స్‌రే పని వల్లే” అని ఇంట్లో మాటలు పడుతున్నవాళ్ళు ఉన్నారు. ఎక్స్‌రే పని చేస్తాడని పెళ్ళి సంబంధం వెనక్కి పోయినవాడు ఉన్నాడు. “ఇదిగో, ఈ ఏడాది నాకు తగిలింది ఇంతే” అని చూపించుకోవడానికి మా దగ్గర ఏముంది? భయాన్ని పెంచుతున్నది దాచిపెట్టడమే.

4. రీడింగు ఎక్కువొస్తే

మూడు నెలల్లో 10 మిల్లీసీవర్టులు దాటితే అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) విచారణ అడుగుతుంది. నిజంగా మనిషికే తగిలిందా, లేక బ్యాడ్జి గదిలో ఉండిపోయిందా అని తేల్చాలి. మోతాదు మరీ ఎక్కువని అనుమానం ఉంటే రక్తంలో క్రోమోజోముల్ని పరీక్షించి చూసే పద్ధతి కూడా ఉంది.

మాలో ఒకతనికి అలా ఎక్కువ వచ్చింది. క్యాత్ ల్యాబు పని. “బ్యాడ్జి గదిలో మర్చిపోయానని రాసివ్వు, లేకపోతే లైసెన్సుకి ఇబ్బంది, నీకూ ఇబ్బంది” అన్నారు. రాసిచ్చాడు. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. ఆ కాగితంతో విచారణ ముగిసింది. టేబుల్ కింద వేలాడదీసే లెడ్ కర్టెన్ చినిగిపోయిందా, ఫ్లోరో టైము (ఎక్స్‌రే ఆగకుండా వచ్చే సమయం) పెరిగిందా, ఏప్రాన్ పగుళ్ళిచ్చిందా, ఇవేవీ ఎవరూ చూడలేదు. మర్నాడు అదే గదిలో అదే ఏప్రాన్ వేసుకుని నిలబడ్డాడు.

ఏప్రాన్ల మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెబుతాను. వాటిని మడతపెట్టి బల్లమీద పడేస్తే లోపలి సీసం పొర మడత దగ్గర పగులుతుంది. హ్యాంగరుకే వేలాడదీయాలి. అప్పుడప్పుడూ ఫ్లోరో కింద పెట్టి పగుళ్ళు చూడాలి. కాసేపట్లో అయిపోయే పని. హ్యాంగరు కొనండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం.

5. ఆడవాళ్ళ సంగతి

క్యాత్ ల్యాబు నర్సులు, మహిళా టెక్నీషియన్లు గర్భం దాల్చిన సంగతి తెలియగానే యజమానికి చెప్పాలని నియమం ఉంది. చెప్పిన దగ్గర్నుంచి కడుపులో బిడ్డకు 1 మిల్లీసీవర్టు దాటకుండా చూసుకోవాలి. చెబితే ఏమవుతోంది? “అయితే మానెయ్యమ్మా, కాన్పయ్యాక చూద్దాం” అంటున్నారు. ఆ తర్వాత ఆ ఉద్యోగం ఉండదు. అందుకని మూడో నెల, నాలుగో నెల వచ్చేదాకా దాచుకుని, ఏప్రాన్ మీద ఏప్రాన్ వేసుకుని నిలబడుతున్న చెల్లెళ్ళు ఉన్నారు. మొదటి నెలల్లోనే బిడ్డకు ఎక్కువ జాగ్రత్త కావాలని డాక్టర్లకు నేను చెప్పాలా? రిసెప్షన్‌లో, రిపోర్టుల గదిలో, వార్డులో వాళ్ళకు పని లేదా?

6. ఇది మీ కళ్ళ సంగతి కూడా

రెండు ఊళ్ళలోనూ ఎముకల ఆస్పత్రులు ఎన్నో ఉన్నాయి. హైవే మీద యాక్సిడెంట్లకు లెక్కలేదు. ప్రతి థియేటర్లో సి-ఆర్మ్ ఉంది. దాని పెడలు తొక్కేది చాలాచోట్ల శిక్షణ లేని ఓటీ బాయ్ (ఆపరేషన్ థియేటర్ సహాయకుడు). అతనికి బ్యాడ్జి లేదు, జాబితాలో పేరు లేదు. రాడ్డు సరిగ్గా దిగిందో లేదో చూస్తున్నప్పుడు సర్జను గారి వేళ్ళు బీమ్‌లోనే ఉంటాయి. బ్యాడ్జి పెట్టుకోమని ఒక పెద్ద డాక్టరు గారిని అడిగితే “నాకెందుకయ్యా” అన్నారు. ఆయన మీద గౌరవంతోనే రాస్తున్నాను. ఐసీఆర్‌పీ అనే అంతర్జాతీయ సంస్థ కంటి కటకానికి అంతకుముందు ఏడాదికి 150 మిల్లీసీవర్టులున్న హద్దుని సగటున 20కి తగ్గించమని 2011లో సిఫారసు చేసింది. అనుకున్నదానికంటే తక్కువ మోతాదుకే శుక్లం వస్తోందని తేలడమే కారణం. క్యాత్ ల్యాబులో గంటల తరబడి నిలబడే కార్డియాలజిస్టులకూ, సి-ఆర్మ్ వాడే సర్జన్లకూ లెడ్ కళ్ళద్దాలూ బ్యాడ్జీ మాకంటే ముందు కావాలి. మీరు పెట్టుకుంటే మీ వెనక నిలబడ్డవాడికీ దొరుకుతుంది.

7. రోగులూ, ఇరుగుపొరుగూ

మాకు కొలత లేనిచోట జనానికీ ఉండదు. రెండేళ్ళకోసారి ప్రతి మెషీనుకీ క్వాలిటీ పరీక్ష చేయించాలి, అప్పుడు సర్వే మీటరుతో గోడల అవతలా తలుపుల బయటా కొలవాలి. గది బయట ఎర్రబల్బు వెలగాలి. ఎర్రబల్బు మాడిపోతే ఎవరూ మార్చరు. తలుపు వేయకుండానే ఎక్స్‌పోజర్ ఇవ్వాల్సిన రద్దీ ఉంటుంది. చంటిపిల్లల్ని పట్టుకోమని తల్లికే చెబుతాం, ఆమెకు వేయడానికి ఏప్రాన్ ఉండదు, ఆమె మళ్ళీ గర్భవతో కాదో అడిగే తీరిక ఉండదు. ఐసీయూలో పోర్టబుల్ ఎక్స్‌రే తీసేటప్పుడు పక్క మంచం మీది రోగి కదల్లేడు. అపార్టుమెంటు కింద పెట్టిన స్కానింగ్ సెంటరు గోడకి అవతల ఎవరి పడకగది ఉందో సెంటరువాళ్ళకే తెలియదు. జనానికి ఏడాదికి 1 మిల్లీసీవర్టు హద్దు. అది దాటుతోందో లేదో చెప్పగలిగింది మీటరు ఒక్కటే.

ప్రభుత్వ లెక్కల్ని తనిఖీ చేసే కాగ్ 2012లో పార్లమెంటుకిచ్చిన నివేదికలో దేశంలో నడుస్తున్న 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రాల్లో 5,270 మాత్రమే రిజిస్టరైనట్టు రాసింది. అంటే నూటికి తొంభైకి పైగా నమోదు లేకుండానే నడిచాయి. రాష్ట్రానికొక రేడియేషన్ సేఫ్టీ డైరెక్టరేటు పెట్టాలని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పినా అప్పటికి కేరళ, మిజోరం మాత్రమే పెట్టాయని కూడా ఆ నివేదికలో ఉంది. తర్వాత ఏఈఆర్‌బీ వారి ఆన్‌లైన్ నమోదు పద్ధతి ఈలోరా వచ్చింది, రిజిస్ట్రేషన్లు పెరిగాయి. అది మంచి మార్పే. అయితే ఈలోరాలో ఎక్కిన పేర్లకీ గదిలో పనిచేసే మనుషులకీ పొంతన ఉందో లేదో గదిలోకి వచ్చి చూస్తేనే తెలుస్తుంది.

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కోటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు పెడతామని ప్రభుత్వం చాలాకాలంగా చెబుతోంది. మా గాలి, మా చేప సంగతి మాకెవరు చెబుతారని అక్కడి మత్స్యకారులు అడిగితే, అన్నీ కొలుస్తాం, అన్నీ చెబుతాం అని అధికారులు జవాబివ్వాలి. అదే నియంత్రణ మండలి కింద, అవే నియమాల కింద, విజయవాడ నడిబొడ్డున పనిచేసే మాకు మా రీడింగు దక్కకపోతే ఆ జవాబుని ఎవరు నమ్ముతారు?

మేం కోరుతున్నవి

ఒకటి. రాబోయే మూడు నెలల రిపోర్టు నుంచే మొదలుపెట్టి, ప్రతి ఒక్కరి రీడింగు వాళ్ళ చేతికి సంతకం తీసుకుని ఇవ్వండి. పాత రిపోర్టులు ఎన్నేళ్ళవి ఉంటే అన్నీ ఇవ్వండి. మానేసి వెళ్ళినవాళ్ళు అడిగితే వాళ్ళకీ ఇవ్వండి. వాట్సాప్‌లో ఫొటో పంపినా సంతోషమే.

రెండు. సి-ఆర్మ్ దగ్గర నిలబడే ప్రతి మనిషికీ, డాక్టరైనా, నర్సైనా, ఓటీ బాయ్ అయినా, సొంత పేరు మీద బ్యాడ్జి తెప్పించండి. బ్యాడ్జి సర్వీసుకి మూడు నెలలకు మనిషికయ్యేది కొన్ని వందల రూపాయలు. ఒక్క సీటీ స్కానుకి రోగి దగ్గర తీసుకునే దానికంటే తక్కువ.

మూడు. కంట్రోల్ బ్యాడ్జిని ఎక్స్‌రే గదిలోంచి ఇవాళే తీసేయండి.

నాలుగు. రీడింగు ఎక్కువొచ్చినప్పుడు ఉద్యోగి చేత ముందే రాయించిన కాగితం మీద సంతకం తీసుకోవడం మానండి. గదిని, మెషీన్ని, ఏప్రాన్‌ని చూడండి. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుగా పేరున్న మనిషి నిజంగా ఆ ఆస్పత్రికి వచ్చేవాడై ఉండాలి.

ఐదు. గర్భం సంగతి చెప్పిన ఏ అమ్మాయి ఉద్యోగమూ పోకూడదు. జీతం తగ్గకుండా వేరే పనికి మార్చాలి. దీన్ని నియామక పత్రంలోనే రాయాలి.

ఆరు. రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ, ఏఈఆర్‌బీ కలిసి రెండు నగరాల్లోనూ ముందు చెప్పకుండా తనిఖీలు చేయాలి. చెప్పి వస్తే సొరుగులోంచి బ్యాడ్జీలు బయటికొస్తాయి, మీరు చూసేది అవే. తనిఖీకి వచ్చినవాళ్ళు యజమాని గదిలో కూర్చోకుండా మాతో విడిగా మాట్లాడాలి, మా పేర్లు బయటపెట్టకూడదు. మన రాష్ట్రంలో రేడియేషన్ భద్రత చూసే అధికారులు ఎవరు, ఎక్కడ కూర్చుంటారు, ఫిర్యాదు ఎలా ఇవ్వాలి అన్నది ప్రతి ఎక్స్‌రే గది బయటా తెలుగులో బోర్డు పెట్టించాలి.

ఏడు. క్వాలిటీ పరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగిందో, గది బయట రీడింగు ఎంతో, ఎర్రబల్బు పక్కనే రాసి పెట్టాలి. రోగి చదువుకుంటాడు, పై అంతస్తువాళ్ళు చదువుకుంటారు.

డాక్టర్ల సంఘాలవారికి ఒక విన్నపం. మీ సమావేశాల్లో ఒక్క గంట దీనికి కేటాయించి మమ్మల్ని పిలవండి. రెండు ఊళ్ళ నుంచీ వచ్చి ఏ గదిలో ఏం మార్చాలో, ఎంత ఖర్చవుతుందో చెబుతాం. జనానికి ఒక మాట. ఎక్స్‌రేకి వెళ్ళినప్పుడు తలుపు వేశారా, బిడ్డను పట్టుకున్నవాళ్ళకు ఏప్రాన్ ఇచ్చారా అని అడగండి. గర్భిణులు ముందే చెప్పండి. మీరు అడిగితే మాకు కోపం రాదు, బలం వస్తుంది.

నెల రోజులు చూస్తాం. అప్పటికీ రిపోర్టులు చేతికి రాకపోతే 2004 నియమాల కింద ఎవరికి వారు రాతపూర్వకంగా అడిగి, ఆ నకళ్ళన్నీ కలిపి ఏఈఆర్‌బీకీ, రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖకూ పంపుతాం. అప్పుడు పేర్లతోనే పంపుతాం.

ఇట్లు,
విజయవాడ, గుంటూరు నగరాల ఎక్స్‌రే, సీటీ, క్యాత్ ల్యాబ్ టెక్నీషియన్ల తరపున
ఒక రేడియోగ్రాఫర్, సూర్యారావుపేట, విజయవాడ